మామగారి నిండు ట్యాంకు

వానలో స్కూటరు జారి కోడలు పడిపోయింది. ఆమెకు పెద్దగా ఏమీ కాలేదు, మోచెయ్యి కాస్త గీరుకుపోయిందంతే. కానీ వెనక కట్టుకున్న అట్టపెట్టె ఊడిపోయి అందులోని పళ్ల సెట్లన్నీ నడిరోడ్డు మీద చెల్లాచెదురైపోయాయి.

ఆమె పనిచేసేది కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో. అచ్చు తీసి, మైనం పోసి, చిగుళ్ల రంగు కుదిరేదాకా నానా తంటాలు పడి, ఎవరి నోటికి తగ్గ పళ్లు వాళ్లకు చేసి, ఇంటికి వచ్చే దారిలో తనే క్లినిక్కులకు ఇచ్చొస్తుంది. ఆ సాయంత్రం బస్టాపులో నిలబడ్డవాళ్లంతా గొడుగులు పక్కన పెట్టేసి వంగి వంగి పళ్లు ఏరారు. "ఇదిగోనమ్మా, పైవరస దొరికింది. కిందివరస ఆ బస్సు కిందికి పోయినట్టుంది" అని ఒకాయన సొంత పళ్లు పోయినంత బాధగా చెప్పాడు. ఇకిలిస్తూ కాలువ వైపు కొట్టుకుపోతున్న ఒక సెట్టును కూరగాయల సంచీతో నిలబడ్డ ఒకావిడ చెప్పుకాలితో ఆపింది. అన్నీ కడిగి, లెక్క చూసుకుని, తడిసి ముద్దయి ఇంటికొచ్చిన కోడలు తల తుడుచుకుంటూనే తీర్మానించేసింది. షెడ్డులో కారు పెట్టుకుని తనకీ ఖర్మేమిటి?

కారు మామగారిది. దాని మీద టార్పాలిన్ కప్పి ఉండేది. టార్పాలిన్ మీద వానాకాలంలో దుప్పట్లు ఆరేవి, మిగతా కాలమంతా పాత పరుపు ఒకటి పడుకునేది. కింద ఒక పిల్లి సంసారం సాగిస్తోంది. కోడలు ఈ ఇంటికొచ్చి మూడేళ్లయింది, ఆ కారు చక్రం తిరగడం ఆమె ఒక్కసారీ చూడలేదు. ఎందుకు తీయరని ఎవరినీ అడగలేదు కూడా. మామగారు కంటి ఆపరేషన్ చేయించుకున్నారు కదా, అందుకే అయి ఉంటుందిలే అనుకుంది.

మామగారు ఊళ్లన్నీ కొలిచి కొలిచి రిటైరైన సర్వేయరు. అత్తగారు రిటైరైన బస్సు కండక్టరు. ఆవిడ ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్క మాటంటే వెనక సీట్లో నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్టు చూపించేవాడట. ఆ గొంతు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

"మామయ్యా, కారు బయటికి తీద్దామా?" అంది కోడలు మర్నాడు పొద్దున్నే.

మామగారు పేపరు మడిచారు. ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ కూర్చున్నట్టు ఆయన మొహం వెలిగిపోయింది. "తియ్యమ్మా, నీదే ఆలస్యం. దానికేం, పులి! ట్యాంకు నిండా పెట్రోలు కూడా ఉంది."

వంటింట్లో మూత ఒకటి ఠంగుమని కింద పడింది.

"ఎప్పటి పెట్రోలు మామయ్యా?"

"పెట్రోలుకు ఎప్పటిదేమిటి? పెట్రోలు పెట్రోలే. భూమి లోపల కోట్ల ఏళ్లు ఉన్నదానికి మన ట్యాంకులో నాలుగేళ్లు ఒక లెక్కా?"

సాయంత్రం కోడలు భర్తకు ఫోన్ చేసింది. అతను టవర్లెక్కి తీగలు సరిచేసే పని మీద ఆ నెలంతా ఊరూరూ తిరుగుతున్నాడు. "నాన్న నిండా ఉందన్నారా? అయితే నిండానే ఉంటుంది" అన్నాడు ఎక్కడో గాల్లోంచి. "ఉందా లేదా అని కాదండీ నేనడిగింది" అనేలోపు లైను తెగిపోయింది.

ముందు బ్యాటరీ సంగతి చూద్దామనుకుంది. బ్యాటరీ దుకాణం వాళ్లు వచ్చి కొత్తది బిగించి, చక్రాలకు గాలి కూడా కొట్టి వెళ్లారు. పిల్లి తన కుటుంబంతో సహా అటక మీదికి మకాం మార్చింది. ఇక తాళం తిప్పడమే తరువాయి అనుకుంటూ, ఎందుకైనా మంచిదని వీధి చివరి మెకానిక్కును పిలిచింది.

ఆ మెకానిక్కును అందరూ స్టెతస్కోపు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. వినడం అయ్యాక రోగి బంధువులతో డాక్టరు మాట్లాడినట్టు చుట్టూ ఉన్నవాళ్లకు అరగంట చెబుతాడు. ఈసారి మాత్రం స్క్రూడ్రైవరు బయటికి తీయలేదు. పెట్రోలు మూత విప్పి, వంగి వాసన చూసి, గట్టిగా తుమ్మాడు.

"అమ్మా, తాళం ముట్టుకోవద్దు. రేపు సాయంత్రం వచ్చి మొత్తం తోడేద్దాం."

"తోడేయడమేమిటి?" అన్నారు మామగారు.

"చెడిపోయింది సార్. పెట్రోలు కూడా కదలకుండా కూర్చుంటే పాడైపోతుంది. తేలిగ్గా అంటుకునేదంతా ఆవిరైపోయి, జిగురులాంటిది మిగులుతుంది. దాన్ని ఇంజన్లోకి పంపామంటే సన్నటి బెజ్జాలన్నీ మూసుకుపోతాయి. ఆ తర్వాత మీరు నన్ను తిట్టుకోవాలి, నేను మిమ్మల్ని తిట్టుకోవాలి."

అతను వెళ్లిపోయాక మామగారు చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగారు. "వాడెవడమ్మా నా పెట్రోలును చూసి తుమ్మడానికి? జలుబు చేసిందేమో వాడికి. జలుబు ముక్కుతో వాసనేం తెలుస్తుంది?"

"మామయ్యా, రేపటిదాకా ఓపిక పట్టండి" అంది కోడలు. ఆయన పడతానన్నారు. అన్న తీరు చూసి ఆమెకు అనుమానం వచ్చింది కానీ, మర్నాడు ల్యాబులో మొన్న బస్సు కింద పోయిన కిందివరస మళ్లీ చేయాల్సిన తొందరలో తాళంచెవి దాచే సంగతే మర్చిపోయింది.

మైనం కరుగుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మాయీ, ఉన్నపళాన రా" అన్నారు అత్తగారు. "మీ మామయ్య వీధికి అడ్డంగా ఉన్నారు."

"అడ్డంగా ఉన్నది మామయ్యా, కారా?"

"ఇద్దరూ."

ఆమె వెళ్లేసరికి వీధంతా జాతరలా ఉంది. కారు సగం గేటు లోపల, సగం బయట. దాని ముక్కుకు ఎదురుగా చెత్త లారీ. లారీ వెనక నీళ్ల ట్యాంకరు, ట్యాంకరు వెనక పరుపులు వేసుకెళ్తున్న బండి. రంగుల దుకాణంలో పాత బూట్లు ఉడకబెట్టినట్టు ఒక వాసన గాలిలో నిలబడిపోయింది. స్టీరింగు ముందు మామగారు రెండు చేతులూ చక్రం మీద వేసుకుని, ఎదురుగా రోడ్డే చూస్తూ, ఇంకా కారు నడుస్తూనే ఉన్నంత శ్రద్ధగా కూర్చుని ఉన్నారు.

జరిగిందేమిటో ఎదురింటాయన కోడలికి వివరంగా చెప్పాడు. మొదట చాలాసేపు మూలిగిందట. తర్వాత దగ్గిందట. ఆ దగ్గులోనే ఒక్కసారి గర్జించి, మేకపిల్లలా ఎగిరి గేటు దాకా వచ్చి, గేటు దాటుతుండగా నిలువెల్లా వణికి, ఇక అక్కడినుంచి అంగుళం కదలలేదట. "ఆఖర్న పొగ వదిలింది చూడమ్మా, మా ఆవిడ ఆరేసిన తెల్లబట్టలన్నీ మళ్లీ ఉతకాలి" అన్నాడు.

"ఇంజనుకు అలవాటు తప్పింది, అంతే" అన్నారు మామగారు కిటికీలోంచి. "ఇంకోసారి తిప్పితే అందుకుంటుంది."

"తాళం ఇలా ఇవ్వండి మామయ్యా" అంది కోడలు. ఆయన ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేదు.

అప్పుడు అత్తగారు మెట్లు దిగారు. చీపురు గోడకు ఆనించి, వీధి మధ్యకు వచ్చి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశారు. ట్యాంకరు డ్రైవరు హారను మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"లారీ, ఒక బండి మేర వెనక్కి! కళ్లజోడు సారు, మీరు తలుపు పట్టుకుని వేలాడితే లాభం లేదు, ఇటొచ్చి ముందు నుంచి తొయ్యండి. పరుపుల బండాయనా, చూస్తూ నిలబడ్డావేం, నీకు వేరే చెప్పాలా? ఏమండీ, మీరు బ్రేకు మీంచి కాలు తియ్యండి. అందరూ పట్టుకున్నారా? హోల్డాన్... హోల్డాన్... రైట్!"

కారు బుద్ధిగా వెనక్కి నడిచి షెడ్డులోకి వెళ్లిపోయింది. వీధి కదిలింది. చెత్త లారీ అతను పోతూ పోతూ అత్తగారికి ఒక సలాం కొట్టాడు.

సాయంత్రం స్టెతస్కోపు వచ్చాడు. స్క్రూడ్రైవరు తీసి, చల్లారిపోయిన ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. "ఏమీ వినపడటం లేదు" అన్నాడు. మామగారు పక్కకు తిరిగి గోడ మీది పెచ్చు ఒకటి గీకారు.

పని మొదలైంది. బ్యాటరీ తీగలు ఊడదీశాడు. అందరూ కలిసి కారును పెరట్లోకి, గాలి ఆడే చోటికి తోశారు. పొయ్యి ఆర్పమంటే అత్తగారు పొయ్యి ఆర్పడమే కాక, పక్కింటాయన నోట్లోని సిగరెట్టు కూడా గోడ మీదుగా అడిగి ఆర్పించారు. మెకానిక్ ట్యాంకులోకి గొట్టం దించి, చేతిపంపు బిగించి, ఇనప డబ్బాలోకి తోడసాగాడు.

డబ్బాలో పడుతున్నది చూసి కోడలు ముక్కు మూసుకుంది. బాగా మరిగిన టీ నీళ్ల రంగు. దుర్వాసన కళ్లలో కూడా గుచ్చుకుంటోంది.

"అప్పట్లో పెట్రోలు రంగే అది" అన్నారు మామగారు. "చిక్కగా ఉండేది."

మెకానిక్ పంపు కొడుతూనే ఉన్నాడు.

"పోనీ, సగం ఇది, సగం కొత్తది కలిపితే?"

"అడుగున కాస్త మిగిలిన పెట్రోలైతే అలాగే కలిపేద్దును సార్. నిండు ట్యాంకును దేంట్లో కలపను? దీన్ని సర్దాలంటే ఇంకో నాలుగు కార్లు కొనాలి మీరు."

"నిండా కొట్టించడం కూడా తప్పేనా?"

"తప్పేం కాదు సార్. కొట్టించినవాళ్లు కారు నడుపుతారు, అంతే."

రెండో డబ్బా పెట్టాడు. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినపడింది. ఈసారి కండక్టరు గొంతు కాదు.

"నిండా ఎందుకుందో నువ్వెప్పుడూ అడగలేదేం అమ్మాయీ?"

కోడలు తలెత్తింది. మామగారు "ఇప్పుడవన్నీ ఎందుకే" అన్నారు.

"ఎందుకా? నా కళ్లముందే తోడి పారబోస్తుంటే చెప్పొద్దా? జలపాతం చూద్దామని ముందురోజు ఈయన ట్యాంకు నింపుకొచ్చారమ్మా. తెల్లారి నేను సంచీ సర్దుకుని, కొత్త బట్టలు కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నా. గేటైనా దాటలేదు, ఎడమకా కుడికా అని మొదలైంది."

"క్వారీ పక్క దారి దగ్గర" అన్నారు మామగారు మెకానిక్కుతో. "నేనే గొలుసు పట్టి కొలిచాను ఆ దారి."

"మీరు కొలిచారు, నేను తిరిగాను. క్వారీ దారిలో వానొస్తే వంతెన మునుగుతుంది. మార్కెట్టు మీదుగా అయితే సుఖంగా..."

"ఊరంతా చుట్టి రావాలి."

"చుట్టొస్తే మునిగిపోయేదేముంది? చేరతాం కదా!"

మెకానిక్ పంపు పట్టుకుని ఆవిడ వైపొకసారి, ఆయన వైపొకసారి తల తిప్పుతూ ఉండిపోయాడు. డబ్బా అంచు దాకా వచ్చింది. కోడలు "చాలు చాలు" అని అరిస్తే తుళ్లిపడి ఆపాడు.

"ఇంతకీ ఏ దారిన వెళ్లారమ్మా?" అనడిగాడు ఆత్రంగా.

"ఏ దారీ లేదు. నేను కారు దిగి సంచీ విప్పేశా. ఈయన టార్పాలిన్ కప్పేశారు."

అటక మీద పిల్లి కూన ఒకటి అరిచింది. మొన్న ట్యాంకు మాట రాగానే వంటింట్లో మూత ఎందుకు పడిందో కోడలికి అప్పుడర్థమైంది. నవ్వొచ్చింది. కానీ అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటున్న తీరు చూసి ఆ నవ్వు పెదాల దాకా రానివ్వలేదు.

"నువ్వింకొక్కసారి గట్టిగా చెప్పి ఉంటే మార్కెట్టు వైపే తిప్పేవాణ్ణేమో" అన్నారు మామగారు మెల్లగా, కింద పైపును చూస్తూ.

"ఆ ముక్క అప్పుడే అనొచ్చుగా."

"నువ్వడగలేదుగా."

"బాగుంది!" అన్నారు అత్తగారు. కానీ గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి వెళ్లలేదు. మామగారు ఆఖరి డబ్బా నిండేదాకా అక్కడే ఉన్నారు. ఒక సీసాలో కాస్త గుర్తుగా ఉంచుకుంటానని గొణిగారు. "దేనికి గుర్తు?" అన్నారు అత్తగారు. ఆయన ఆ ఆలోచన మానుకున్నారు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా దీన్నేం చేయాలని. గోడ అవతలి పక్కింటాయన కలుపు మొక్కల మీద పోయమన్నాడు. ఎదురింటాయన వీధి కాలువ చూపించాడు. "కాలువలో పోస్తే ఎవరో తాగే నీళ్లలోకే పోయి చేరుతుంది. ఈలోపు ఎవరైనా అగ్గిపుల్ల విసిరారంటే వీధి పొడుగునా మంటే" అని మెకానిక్ ఇద్దరినీ కసిరాడు. పాత రంగులూ నూనెలూ తీసుకోవడానికి మునిసిపాలిటీ వాళ్ల షెడ్డు ఒకటి ఊరి చివర ఉందని అతనికి తెలుసు. మూతలు గట్టిగా బిగించి, మర్నాడు అతని ట్రాలీ బండిలో డబ్బాలు ఎక్కించారు. మామగారు తానూ వస్తానని బయల్దేరి, దారి పొడుగునా డబ్బాలు కదలకుండా ఒక చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ల్యాబుకు సెలవు పెట్టి కోడలు కూడా వెళ్లింది.

షెడ్డులో చేతి తొడుగులు వేసుకున్న ఒకమ్మాయి డబ్బా మూత కొంచెం తీసి, మొహం వెనక్కి లాక్కుంది.

"ఎన్నాళ్లదండీ?"

మామగారు ఛాతీ కాస్త పొంగించారు. "నాలుగేళ్లది."

"అంతేనా? మొన్నొకాయన పదేళ్లది తెచ్చారు" అంది ఆ అమ్మాయి డబ్బా మీద చీటీ అంటిస్తూ.

మామగారి ఛాతీ యథాస్థానానికి వచ్చేసింది. ట్రాలీ బండి మళ్లీ వీధిలోకి తిరిగేదాకా ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు. "పదేళ్లట! ఆ మనిషికి బుద్ధుందా?" అన్నారు చివరికి.

మెకానిక్ కార్బురేటరు విప్పి జిగురంతా కడిగాడు, ఫిల్టరు మార్చాడు, ఊదాడు, విన్నాడు, మళ్లీ ఊదాడు. కోడలు ల్యాబులో పళ్ల సందులు శుభ్రం చేసే సన్న బ్రష్షు తెచ్చిస్తే, అదీ బాగానే పనికొచ్చింది. "ఇప్పుడు కొంచెమే పోస్తున్నా. లోపల మిగిలిన మురికి దీంతో పోవాలి. దగ్గర్లోనే ఒక చుట్టు చుట్టి వచ్చెయ్యండి, తర్వాత కావలసినంత పోయించుకుందురు" అని కొత్త పెట్రోలు ఒక చిన్న డబ్బాడు పోసి వెళ్లాడు.

సెలవురోజు పొద్దున కోడలు తాళం తిప్పింది. కారు ఒకసారి గొంతు సవరించుకుని అందుకుంది. మామగారు చప్పట్లు కొట్టారు. అత్తగారు ఎక్కడినుంచి వచ్చారో, సంచీతో సహా ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

"వీధి చివరిదాకేనట అత్తయ్యా."

"సరేలే, పోనీ."

వీధి చివరికి వెళ్లారు. కారు ఎంత హాయిగా నడిచిందంటే, కోడలికి వెనక్కి తిప్పబుద్ధి కాలేదు. మార్కెట్టు దగ్గరి క్లినిక్కులో ఇవ్వాల్సిన పళ్ల సెట్టు ఒకటి ఉంది, అదీ ఇచ్చేద్దామంది. ఇచ్చేసి తిరిగి వస్తుంటే నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. మధ్యలో గుండ్రటి గడ్డి దిబ్బ. అక్కడ వెనక సీట్లోంచి మామగారు ముందుకు వంగారు.

"అమ్మాయీ, ఇంత దూరం వచ్చాం, అలా జలపాతం దాకా పోనిస్తావా? మార్కెట్టు దారిలోనే పోనీ, మీ అత్తయ్య చెప్పినట్టు."

"వద్దొద్దు" అన్నారు అత్తగారు. "క్వారీ దారే పోనీ అమ్మాయీ. పాపం ఆయన గొలుసు పట్టి కొలిచారు."

"అబ్బే, నువ్వు తిరిగిన దారిలో హాయిగా ఉంటుంది."

"ఉంటే ఉంది. దగ్గరి దారి మీదే కదా, ఎందుకు దండగ?"

"నా మాట విను, మార్కెట్టే."

"ఇప్పటికైనా నా మాట నెగ్గనివ్వరా? క్వారీ అంటున్నానా!"

కోడలు దిబ్బ చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎవరి మాటా తేలేలా లేదు. నాలుగేళ్ల కింద మొండికేసి కూర్చున్నవాళ్లు, ఇప్పుడు మర్యాదకు కూడా అంతే మొండిగా ఉన్నారు. కూడలిలో పూలమ్మే ఆవిడ ఈ కారునే చూస్తూ కూర్చుంది. ఇంకో చుట్టు తిరిగేసరికి చెయ్యి కూడా ఊపింది. ఆమెకు బదులుగా చెయ్యి ఊపబోతుండగా కారు ఒక కుదుపు కుదిపి, నింపాదిగా దిబ్బ పక్కకు చేరి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కోడలు ముల్లు చూసింది. "పెట్రోలు అయిపోయింది మామయ్యా. చుక్క లేదు."

ముందు నవ్వింది అత్తగారే. మామగారు నవ్వడం కోసం కళ్లజోడు తీయాల్సి వచ్చింది.

దగ్గర్లో బంకు ఉందని పూలావిడ చెప్పింది. డిక్కీలో మెకానిక్ వదిలేసి వెళ్లిన చిన్న డబ్బా పట్టుకుని మామగారు బయల్దేరారు. తోడుగా అత్తగారూ వెళ్లారు. ఎంతకీ రారేమని కోడలు మెడ చాచి చూస్తే, డబ్బా చెరో పక్కా పట్టుకుని, మధ్య మధ్య దించి కబుర్లు చెప్పుకుంటూ వస్తున్నారు. ట్యాంకులో పోశాక కోడలు ఇద్దరినీ వెనక సీట్లోనే కూర్చోబెట్టింది.

"ఇక ఇద్దరూ ఏమీ అనకండి. వెళ్లేటప్పుడు మార్కెట్టు మీదుగా, వచ్చేటప్పుడు క్వారీ మీదుగా."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న ముక్క ఇన్నాళ్లూ తమకెందుకు తట్టలేదో ఇద్దరికీ అర్థం కాలేదు. బంకు దగ్గర ఆగి ఇంకాస్త పోయించుకున్నారు. "నిండా వద్దమ్మా, రానూ పోనూ సరిపడా చాలు" అన్నారు మామగారు.

జలపాతం వానలకు బాగా నిండి ఉంది. మామగారు ఒక బండ మీద కూర్చుని, బొటనవేలు ముందుకు చాచి, ఒక కన్ను మూసి దాని ఎత్తు ఎంతుంటుందో అంచనా కట్టారు. అత్తగారు చెప్పులు విడిచి నీళ్లలోకి దిగారు. తుంపర మొహం మీద పడుతుంటే అలాగే నిలబడిపోయారు.

"ఈ రూట్లో నేను ఎన్నో ఏళ్లు డ్యూటీ చేశాను అమ్మాయీ" అన్నారు కాసేపటికి.

కోడలు ఆశ్చర్యపోయింది. "మరి ఇదివరకే చూశారన్నమాట!"

"ఎక్కడ చూశానూ? బస్సు ఆ మలుపులో ఆగేది. జనం అందరూ దిగిపోయేవాళ్లు, నేను టికెట్లు లెక్క చూసుకుని మళ్లీ ఎక్కేవాళ్ల కోసం నిలబడేదాన్ని. చప్పుడు వినపడేది, అంతే."

వెనకనుంచి మామగారు ఎత్తు తేలిందని కేకేశారు. అత్తగారు వినిపించుకోలేదు. ఇంకో అడుగు లోతుకు వేశారు.